రెండు మూరలు

నీళ్ల కొట్టు కిటికీ జానెడు.
తొమ్మిదేళ్లుగా అందులోంచే ఈ వాడను చూస్తున్నాను.
ముందు డబ్బా వస్తుంది, వెనక చెయ్యి,
ఆ తర్వాతే మొహం.
మైనస్ ముప్పైలో మొహాలన్నీ ఒకటే,
కనుబొమ్మల మీద మంచు, ముక్కు దాకా మఫ్లరు.
ఏది ఎవరి చెయ్యో మాత్రం చెప్పగలను.

ఉలాన్‌బాతర్‌కి ఉత్తరాన, కొండవాలు మీద
మా గుడారాలు వచ్చినవి వచ్చినట్టు కూర్చున్నాయి.
మందలు చచ్చిన ఏడు కొందరొచ్చారు,
పిల్లల చదువని కొందరు.
ఎవరికి తోచినంత వాళ్లు చెక్క కంచె కట్టుకున్నారు.
సందంటే మాకు
కంచెలు పోగా మిగిలింది.

కిందటి జనవరిలో బాత్‌నసన్ పొయ్యి అంటుకుంది.
ఫైరింజను మూడో మలుపులో ఇరుక్కుని
ముందుకు పోలేక, వెనక్కి రాలేక
అక్కడే నిలబడి అరిచింది.
మేం పారలతో మంచు ఎత్తిపోశాం.
నా కొట్టు నిండా నీళ్లే, గొట్టం చాల్లేదు.
ఎవరూ చావలేదు.
కుట్టుమిషను పోయింది, పిల్ల బడిపుస్తకాలు పోయాయి.

అప్పట్నించి ఆదివారాలు
టీచరు ఒయూన్‌చిమెగ్ ఇంట్లో, ఉప్పేసిన పాల టీతో.
నేల మీద పాత ఉన్ని పరుపు పరిచాం.
గుండీ అంటే ఇల్లు.
ఎర్ర ఊలు, దారి.
నీలం ఊలు, ఏప్రిల్లో కరిగి
మా గుమ్మాల్లోకే పరిగెత్తే మంచుకి ఒక కాలువ.
నాటబోయే చెట్లకి పైన్ గింజలు పెట్టాం.
మాటలు తేలేసరికి
పిల్లలు అడవంతా తినేసేవాళ్లు.

తేలిందేమిటంటే, ప్రతి కంచే
రెండు మూరలు వెనక్కి జరగాలి.
పరుపు మీద రెండు మూరలంటే గోరంత.
వాకిట్లో అదే
శీతాకాలపు బొగ్గుకుప్ప, కుక్క గొలుసు,
పోయిన మొగుడు పాతిన గుంజ.

"దిక్కులే కంచెలుగా బతికినవాణ్ణి," అన్నాడు లువ్సన్‌దోర్జ్ తాత,
"ఇప్పుడు నా దగ్గర మూరలు కొలుస్తారా?"

ఇవ్వు తాతా, పదిమందికి మంచిది, అనేదాన్ని.
రోజూ ఆయన డబ్బాలో
నీళ్లతో పాటు నీతులూ పోశాను.

ఒక ఆదివారం చూద్దును కదా,
ఎర్ర ఊలు తిన్నగా వచ్చి
ఒక తెల్ల గుండీ నెత్తి మీంచి పోతోంది.
అది నా కొట్టు.
కొట్టు, దాని వెనక నా మంచం,
మంచం పక్క గోడకి నా కొడుకు ఎత్తు గీసిన గీతలు.

అందరూ టీ పోసుకుంటుంటే
ఆ గుండీ తీసి జేబులో వేసుకున్నాను.

పై ఆదివారానికి అక్కడ ఇంకో గుండీ ఉంది,
గోధుమరంగుది, ఎవరి కోటుదో.
ఎవరూ ఏమీ అనలేదు.
ఒయూన్‌చిమెగ్ నా కప్పు నింపింది,
పొర్లేదాకా.

మర్నాడు తాత డబ్బా దించగానే చెప్పేశాను,
"నాకూ ఇవ్వాలని లేదు."
తొమ్మిదేళ్లలో మొదటిసారి
ఆయన వంగి కిటికీలోంచి నన్ను చూశాడు.
"అయితే నీకు తెలుసన్నమాట," అన్నాడు.
అని, డబ్బా ఎత్తుకుని పోయాడు.
కంచె మాత్రం జరపలేదు.

మే నెలలో నేల మెత్తబడింది.
గునపాలు దిగాయి. గుంజలు పళ్లూడినట్టు ఊడొచ్చాయి.
నా కొట్టుని ట్రాక్టరుకి కట్టి బడి దగ్గరికి లాగారు,
నేను వెనకే నడిచాను, పూలకుండీ పట్టుకుని.
గీతలున్న చెక్క కోసి ఇచ్చాడు బాత్‌నసన్, అడక్కుండానే.

దారి ఇప్పుడు తిన్నగా వచ్చి
తాత కంచె దగ్గర వంకర తిరుగుతుంది.
పిల్లలు దాన్ని తాత బొజ్జ అంటారు.
సెప్టెంబర్లో ఫైరింజను వచ్చి చూసుకుంది.
డ్రైవరు అద్దం మడిచి, ఊపిరి బిగబట్టి
బొజ్జని రాసుకుంటూ దాటించాడు.
తాత గుమ్మంలో నిలబడి
చెయ్యి ఊపుతూ బండికి దారి చూపించాడు,
ఆ దారేదో తనే వేయించినట్టు.

నలభై ఎల్మ్ మొక్కల్లో పదకొండు బతికాయి.
మిగతావి మేకల పాలు.
పొగ ఇంకా ఉంది.
కొత్త కిటికీ రెండు జానలు,
మొహాలు కనిపిస్తాయి, అలవాటు పడాలి.

తెల్ల గుండీ జేబులోనే ఉంది.
ఇచ్చెయ్యాలి.
ఆదివారం వస్తుంది, పోతుంది,
చెయ్యి జేబులోకి వెళ్లి
వెచ్చగా అక్కడే ఉండిపోతుంది.